మిద్దె తోటకు షేడ్ నెట్: ఎంత శాతం కొనాలి, ఏ రంగు తీసుకోవాలి, ఎలా కట్టాలి

ఎండ ముదిరేసరికి హార్డ్‌వేర్ షాపుల ముందు నీడకు కట్టే పచ్చ షేడ్ నెట్ చుట్టలు బారులు తీరతాయి. "మొక్కలకండీ" అనగానే షాపువాడు ఓ చుట్ట లాగి మీటర్లు కొలిచేస్తాడు. అది ఎంత శాతం వెలుతురును ఆపుతుందో, ఏ దారమో అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లలోనూ సగం మంది ఎక్కువ శాతమైతే ఎక్కువ మేలనుకుని 75 గానీ 90 గానీ పట్టుకెళతారు. రెండు నెలలు తిరిగేసరికి మిరప మొక్క మనిషెత్తు పెరుగుతుంది, కాయ మాత్రం ఒక్కటీ ఉండదు. తప్పు మొక్కదీ కాదు, ఎరువుదీ కాదు. దానికి తిండి వెలుతురు. ఆ తిండిలో ముప్పాతిక వంతు మనమే తీసేశాం.

అందుకే ముందు మొక్కను చూసుకుని, తర్వాతే నెట్ సంగతి తేల్చుకోవాలి.

ఏ మొక్కకు ఎంత నీడ

నెట్ మీద రాసే శాతం అది ఆపే వెలుతురుకు లెక్క. 50 శాతం నెట్ అంటే సగం ఆపి సగం వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు లేని మిట్టమధ్యాహ్నం డాబా మీద సుమారు లక్ష లక్సుల (లక్స్ అంటే వెలుతురు కొలమానం) వెలుతురు పడుతుంది. పాలకూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలకు అందులో మూడో వంతు చాలు. టమాటా, మిరప, వంగ లాంటి కాయ మొక్కలకు సగానికి పైన కావాలి. ఈ రెండు సంగతులు తెలిస్తే శాతం దానంతటదే తేలుతుంది.

అసలు నీడే అక్కర్లేని మొక్కలు మిద్దె మీద చాలా ఉంటాయి. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, సొర, బీర, కాకర, మునగ, కరివేపాకు వేరుకు నీళ్లందితే మన ఎండను తట్టుకుంటాయి. మల్లెకు నీడ పట్టారంటే ఆ ఏడు పూల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎండాకాలం పూసే మొక్కకు ఎండే బలం. నీడలో ఆకు పెడుతుంది తప్ప మొగ్గ వేయదు.

మిరప, టమాటా, వంగ, క్యాప్సికం, గులాబీలకు 35 శాతం సరిపోతుంది. వేడి బాగా ఎక్కువుండే రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల వైపు అయితే ఇవి 50 కిందా బతుకుతాయి. కొత్తిమీర, మెంతి, పాలకూర, పుదీనా, అప్పుడే మొలిచిన నారు, కొత్తగా నాటిన అంట్లకు 50. తమలపాకు తీగకు 50 నుంచి 75 దాకా పెట్టవచ్చు. ఫెర్న్‌లు, ఆంథూరియం, ఆర్కిడ్‌లు, ఇంట్లోంచి బయటపెట్టే అలంకరణ మొక్కలకు 75. 90 శాతం నెట్ కారు మీదికీ, ప్రహరీకి అడ్డం కట్టడానికీ పనికొస్తుంది. దాని కింద మొక్క పెట్టి పండించాలనుకోవద్దు.

అన్నీ కలగలిపి పెంచే మామూలు మిద్దె తోటకు ఒక్కటే నెట్ కొనాలంటే 50 శాతం కొనండి. ఆకుకూరల కుండీలను దాని నడి మధ్యన, మిరప, టమాటాలను పక్క నుంచి పొద్దుటి ఎండ పడే తూర్పు అంచున, బెండ, సొరలను నెట్ దాటి బయట పెడితే ఒకే నెట్‌తో మూడు రకాలకూ పని జరుగుతుంది.

రెండు పొరలు వేస్తే శాతాలు కూడుకోవు. 50 మీద ఇంకో 50 వేస్తే మొదటిది వదిలిన సగంలో రెండోది సగం ఆపుతుంది, అంటే మొత్తం 75. అందువల్ల ఏటా రోహిణి కార్తె రెండు వారాల కోసం 75 శాతం నెట్ కొననక్కర్లేదు. ఉన్న 50 నెట్ మీద నారు మడి వరకు ఇంకో ముక్క పరిస్తే చాలు.

ఇంకో మాట. నెట్ కింద గాలి వేడి మనం అనుకున్నంతగా తగ్గదు. తగ్గేది ఆకు వేడి, మట్టి వేడి, కుండీ వేడి. రాత్రి వేడి మీద దాని ప్రభావం దాదాపు ఏమీ ఉండదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25కి దిగకపోతే టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. విజయవాడలో మే నెల రాత్రుళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. కాబట్టి ఎంత మంచి నెట్ వేసినా అక్కడ మే టమాటా పూత నిలవదు. నెట్ ఆ మొక్కను బతికించి జూన్ దాకా తెస్తుంది, ఆ పాటి చాలు.

బెండ, వంగ లాంటివి మధ్యాహ్నం వాడిపోతుంటే పైన నెట్ వేసే ముందు కుండీని ముట్టుకు చూడండి. నల్ల గ్రో బ్యాగు పడమటి పక్క చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఇబ్బంది ఆకుది కాదు, వేరుది. బ్యాగు చుట్టూ గోనె పట్టా చుట్టి, మట్టి మీద రెండంగుళాలు ఎండాకు పరిచి చూడండి. చాలాసార్లు నెట్ అవసరమే రాదు.

రంగు

మన దగ్గర అందరికీ అలవాటైనది పచ్చ. చూడ్డానికి తోటలో కలిసిపోతుంది, ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. అయితే మొక్క ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం వెలుగు. పచ్చ దారం వాటిని మింగి, మొక్కకు అంతగా పనికిరాని పచ్చ వెలుగును ఎక్కువగా కిందికి వదులుతుంది. ఆకుకూరలకూ అలంకరణ మొక్కలకూ దీనితో పెద్ద నష్టం లేదు. కాయ మొక్కలకూ నారుకూ మాత్రం పచ్చ మొదటి ఎంపిక కాదు. నారు సన్నగా, పొడుగ్గా సాగుతుంది.

నలుపు అన్ని రంగుల వెలుగునూ సమానంగా తగ్గిస్తుంది. 50 అంటే నిజంగా అన్నిట్లో సగమే. దారంలో కలిపే కార్బన్ నలుపే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది కాబట్టి అన్ని రంగుల్లోకీ ఎక్కువ కాలం మన్నేది కూడా ఇదే. చిక్కల్లా అది వేడెక్కడం దగ్గరే. మొక్కల నెత్తి మీద అడుగు ఎత్తున నల్ల నెట్ పరిస్తే ఆ వేడి సరాసరి ఆకు మీదికే దిగుతుంది. మొక్క కొనకూ నెట్‌కూ మధ్య కనీసం మూడడుగులు ఉండి, పక్కలు తెరిచి ఉంటే ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది.

తెలుపు వెలుగును చెదరగొట్టి నలుదిక్కులా పంపుతుంది. అందువల్ల పై ఆకులతో పాటు కింది ఆకులకూ వెలుగు అందుతుంది. నెట్ తక్కువ వేడెక్కుతుంది. మిరప, టమాటా, క్యాప్సికం పెంచేవాళ్లకు తెలుపు మంచి బేరం. దుమ్ము పడితే మాత్రం దాని శాతం పెరిగిపోతుంది. రోడ్డు పక్క ఇల్లయితే నెలకోసారి పైపుతో కడగాలి. కొనేటప్పుడు ఎండకు తట్టుకునే మందు, అంటే యూవీ స్టెబిలైజర్, కలిపారో లేదో అన్ని రంగుల కన్నా తెలుపుకే గట్టిగా అడిగి తెలుసుకోవాలి. అది లేని తెల్ల నెట్ ఒక్క ఎండాకాలానికే పొడిపొడిగా రాలుతుంది.

వెండి రంగు అల్యూమినియం పట్టీల నెట్ వేడిని వెనక్కి కొట్టడంలో అన్నిటి కన్నా మెరుగు. ఖరీదూ అంతే. చిన్న ముక్కలుగా దొరకడం కష్టం. తెరిచిన డాబా మీద అంత ఖర్చు దండగ, ప్లాస్టిక్ షీటు కప్పి మూసిన పాలీహౌస్ ఉంటేనే దాని గురించి ఆలోచించండి.

దారం చూసి కొనండి

షేడ్ నెట్‌ను హెచ్‌డీపీఈ అనే గట్టి రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. దారం రెండు రకాలు. టేప్ అంటే చదునైన పట్టీ, మోనో అంటే చేపల గాలం దారంలాంటి గుండ్రని దారం. టేప్‌తో అల్లినది చవక, చూడ్డానికి దట్టం. గాలిని ఎక్కువ పడుతుంది, త్వరగా చీలికలవుతుంది. మోనో ఖరీదు కాస్త ఎక్కువైనా గాలినీ వాననూ కిందికి వదిలేస్తుంది, ఎక్కువేళ్లు మన్నుతుంది. నిలువున మోనో, అడ్డంగా టేప్ కలిపిన రకమూ ఉంది, అది రెంటికీ మధ్యరకం. గాలి తగిలే మూడో అంతస్తు డాబాకు మోనో తప్ప వేరేది వద్దు. కింద పెరట్లో, గోడల చాటున అయితే టేప్‌తో సరిపెట్టుకోవచ్చు.

వీటికి భారత ప్రమాణం ఉంది: ఐఎస్ 16008. మొదటి భాగం టేప్ నెట్లకు, రెండోది మోనో నెట్లకు. చుట్ట లేబుల్ మీద ఆ సంఖ్య, శాతం, యూవీ హామీ ఎన్నేళ్లో ఉంటే సగం పరీక్ష అయినట్టే. లేబుల్ లేని చుట్ట దగ్గర మిగతా పరీక్ష మీరే చేయాలి.

మొదటిది తూకం. 3 మీటర్ల వెడల్పు చుట్టలోంచి ఒక మీటరు కోయించి తూకం వేయండి. అది 3 చదరపు మీటర్లు. 300 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 100 గ్రాములు, షాపువాళ్లు దాన్నే 100 జీఎస్‌ఎం అంటారు. ఒకే శాతం, ఒకే రకం దారం ఉన్న రెండు నెట్లలో బరువైనదే మన్నుతుంది. ధర కూడా మీటరు లెక్కన కాకుండా బరువు లెక్కన పోల్చి చూస్తే ఏది చవకో తెలుస్తుంది.

రెండోది దారం. అంచు నుంచి ఒక పోగు లాగి రెండు చేతులా పట్టి సాగదీయండి. మంచి పోగు సాగి సాగి తెగుతుంది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసినది పుటుక్కున తెగుతుంది, రంగు కూడా జీవం లేకుండా ఉంటుంది.

మూడోది శాతం. దీనికి ఫోనులో లక్స్ మీటర్ యాప్ చాలు. మబ్బు లేని రోజు, మిట్టమధ్యాహ్నం, ఫోనును నేల మీద బల్లపరుపుగా పెట్టి దాని మీద తెల్ల కాగితం ఒక పొర వేసి అంకె రాసుకోండి. అక్కడే, కదపకుండా, నెట్ ముక్కను నాలుగడుగుల ఎత్తున ఇద్దరు పట్టుకుని మళ్లీ చూడండి. బయట 96,000, నెట్ కింద 41,000 వచ్చిందనుకోండి, 43 శాతం వదులుతున్నట్టు, 57 ఆపుతున్నట్టు. ఫోను చూపే అంకె అచ్చంగా నిజం కాకపోవచ్చు గానీ రెంటి నిష్పత్తి నమ్మదగ్గదే. నెట్‌ను కాస్త కాస్త జరుపుతూ పదిసార్లు చూసి సగటు తీసుకుంటే ఇంకా మంచిది. చవక నెట్లలో అల్లిక ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా ఉంటుంది.

ఇంకా అంచు చూడండి. రెండు పక్కలా దారం ఒత్తుగా అల్లిన పట్టీ ఉండాలి. తాడు కట్టేది దానికే.

నెట్ కాకుండా వేరే ఏవైనా

కొబ్బరి మట్టల తడికలు, తాటాకు పందిరి మన చలువ పందిళ్ల నాటి నుంచీ ఉన్నవే. నీడ చల్లగా ఉంటుంది, అడుగున గాలి ఆడుతుంది. పెరట్లో ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తాయి. డాబా మీద అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి: ఎండిన ఆకుకు నిప్పురవ్వ చాలు, వాన పడ్డాక అందులో పురుగూ పుట్రా చేరతాయి. వాన మొదలయ్యేలోపు తీసేయగలిగితేనే వేసుకోండి.

పాత నూలు చీర నారు మడికి పదిహేను రోజుల నీడ ఇస్తుంది, అంతకు మించి దాన్ని అడగొద్దు. వెలుగు ఒకచోట పూర్తిగా ఆపుతుంది, ఒకచోట వదిలేస్తుంది. గాలికి తెరచాపలా ఉబ్బి కర్రలతో సహా లేస్తుంది. సింథటిక్ చీర అయితే గాలి ఆడక కింద ఉక్క పెడుతుంది.

తీగ పందిరి అన్నిటి కన్నా తెలివైన నీడ. ఫిబ్రవరి మొదట్లో సొర గానీ బీర గానీ పడమటి పక్క పెద్ద కుండీలో పెట్టి పైకి పాకిస్తే ఏప్రిల్ నాటికి పందిరి కమ్ముతుంది. దాని కింద పుదీనా, కొత్తిమీర హాయిగా పెరుగుతాయి. నీడకు నీడ, కూరకు కూర. ఆలస్యంగా మార్చి చివర విత్తితే మాత్రం నీడ కావలసిన నెలలు దాటాకే పందిరి కమ్ముతుంది.

పచ్చ ఫైబర్ షీట్లు, పాలీకార్బొనేట్ షీట్లు మొక్కల మీద వేయకండి. వేడి గాలి పైకి పోయే దారి ఉండదు, వాన మొక్కకు చేరదు.

ఎండ ఎటు నుంచి వస్తుందో చూసుకుని

మన దగ్గర ఎండాకాలపు సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిలువుగా నిలబడ్డ కర్రకు నీడే పడదు. కాబట్టి మధ్యాహ్నపు నీడ నెట్‌కు సరిగ్గా కిందే పడుతుంది, దానికి లెక్కలేం అక్కర్లేదు. లెక్క తప్పేది సాయంత్రం. మూడు దాటాక ఎండ పడమటి నుంచి ఏటవాలుగా నెట్ కిందికి దూరి, అప్పటికే కాగి ఉన్న కుండీల పక్కలను కాలుస్తుంది. పొద్దుటి తూర్పు ఎండ మెత్తన, అది మొక్కకు కావలసిందే, దాన్ని ఆపకూడదు.

అందుకే చట్రాన్ని తూర్పు వైపు ఎత్తుగా, పడమటి వైపు ఒక అడుగు తగ్గించి కట్టాలి. పడమటి అంచు నుంచి మీటరున్నర వెడల్పు తెర వేలాడదీసుకోవచ్చు. వేడి గాలి ఎత్తైన తూర్పు అంచు నుంచి పైకి పోతుంది. నాలుగు పక్కలా నెట్ చుట్టేసి గదిలా మూసేస్తే, ముఖ్యంగా కోస్తాలో, ఉక్కకు ఆకుమచ్చ తెగుళ్లు పట్టుకుంటాయి.

చట్రం, కట్టే పద్ధతి

కింది కొలతలు 3 మీటర్ల వెడల్పు నెట్‌కు, 6 మీటర్ల పైపుకు అతుకు లేకుండా సరిపోయేలా వేసినవి. చట్రం 3.3 మీటర్లు × 6 మీటర్లు, పొడుగు ఉత్తరం–దక్షిణంగా. నెట్ 3 మీటర్లు × 5.7 మీటర్లు. నెట్ చట్రం కన్నా నలువైపులా అర అడుగు తక్కువ ఉండాలి. సమానంగా ఉంటే లాగి బిగించడానికి చోటు మిగలదు, పెద్దదైతే వేలాడుతుంది.

కావలసినవి:
- అంగుళంన్నర జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు, 6 మీటర్లవి 7
- 20 లీటర్ల పెయింట్ బకెట్లు 6, వాటికి సిమెంటు, ఇసుక, 20 మి.మీ. కంకర
- 12 గేజి జీఐ తీగ 20 మీటర్లు, టర్న్ బకిళ్లు (తిప్పి తీగను బిగించే మరలు) 3
- నెట్ అంచుకు కొట్టే ఐలెట్లు (తాడు దూర్చే లోహపు రింగులు) 40, ఎండకు తట్టుకునే 4 మి.మీ. తాడు 60 మీటర్లు
- పాత సైకిల్ ట్యూబులు, తెల్ల ఎనామిల్ పెయింటు

మూడు పైపులను 2.7, 3.3 మీటర్ల ముక్కలుగా కోయించండి. 2.7వి తూర్పు స్తంభాలు, 3.3వి అడ్డ దూలాలు. ఇంకో రెండు పైపుల్లోంచి 2.4 మీటర్ల ముక్కలు మూడు తీయండి, అవి పడమటి స్తంభాలు. మిగతా రెండు పైపులు కోయకుండా పొడుగు అంచులకు వాడండి. వెల్డింగ్ కన్నా క్లాంపులు, బోల్టులు మేలు. వానాకాలంలో విప్పి దాచవచ్చు.

శ్లాబుకు రంధ్రం చేసి స్తంభం దింపాలన్న ఆలోచన రానివ్వకండి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అక్కడి నుంచే కింది గదిలోకి చెమ్మ దిగుతుంది. ఒక్కో స్తంభాన్ని బకెట్ నడుమ నిలబెట్టి, సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్లలో కలిపి నింపండి. వారం రోజులు నీళ్లు పట్టాలి. నిండిన బకెట్ 45 కిలోలకు పైన తూగుతుంది. వాటిని పిట్టగోడ వెంబడి గానీ, కింద దూలం ఉన్న చోట గానీ పెట్టాలి.

ఈ బరువు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 17 కిలోల తోపు పెడుతుంది. మన నెట్ 17 చదరపు మీటర్లు, మొత్తం 290 కిలోల పైమాట. సగం గాలి కన్నాల్లోంచి పోయిందనుకున్నా 145 కిలోలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే ఈదురుగాలి ఈ వేగాన్ని తేలిగ్గా అందుకుంటుంది. ఆరు బకెట్లు కలిపి 270 కిలోలు దాటుతాయి. అయినా ఒక వరస స్తంభాలను పిట్టగోడకు యూ క్లాంపులతో పట్టించడం మానొద్దు. క్లాంపు మేకులు గోడ పక్కకు కొట్టాలి, పైభాగానికి కొడితే నీళ్లు దిగుతాయి.

చట్రం నిలిచాక పైపుల మీద, ముఖ్యంగా నెట్ ఆనే చోట, తెల్ల రంగు వేసి సైకిల్ ట్యూబు చుట్టండి. ఎండలో కాగిన ఇనుము తగిలిన చోటే నెట్ ముందుగా పెళుసెక్కి చిరుగుతుంది. పైపు కొనల్లో మూతలు బిగించండి, కోసిన అంచు కత్తిలా ఉంటుంది. తర్వాత మూడు జీఐ తీగలను పొడుగునా, 80 సెంటీమీటర్ల ఎడంలో, ఒక కొనకు టర్న్ బకిల్ పెట్టి లాగండి. నెట్ వీటి మీద ఆనుతుంది.

నెట్ అంచును రెండంగుళాలు రెండు మడతలు వేసి 45 సెంటీమీటర్లకొక ఐలెట్ కొట్టండి. ఒక్క పొరకు కొట్టిన ఐలెట్ మొదటి గాలికే ఊడి వస్తుంది. ఈ మడతకు పోయే కొలతను నెట్ కోసేటప్పుడే కలుపుకోవాలి: పొడుగున రెండు వైపులకూ కలిపి 20 సెంటీమీటర్లు, అంటే 5.9 మీటర్లు కోయించాలి. వెడల్పున ఎలాగూ ఒత్తు అంచు ఉంది కాబట్టి మడత అక్కర్లేదు.

కట్టేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య కట్టండి. వేడికి ప్లాస్టిక్ సాగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బిగించినది మధ్యాహ్నానికి వదులై గాలికి కొట్టుకుంటుంది. ముందు నాలుగు మూలలు, తర్వాత నాలుగు అంచుల నడిమి ఐలెట్లు, ఆ తర్వాతే మిగతావి. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా కట్టుకుంటూ పోతే చివరి మూల దగ్గర నెట్ మెలిపడి ముడతలొస్తుంది. తాడు ఒకటే పొడుగునా అల్లకుండా నాలుగైదు ఐలెట్లకొక ముక్క వాడండి. ఒకచోట తెగితే అక్కడితో ఆగుతుంది. తెల్ల జిప్ టైలు ఎండకు నెలల్లోనే విరుగుతాయి, వాడితే నల్లవే వాడండి. చివరగా నెట్ మీది నుంచి ఒక తాడును మూల నుంచి మూలకు వంకరటింకరగా వేసి కట్టాలి. కింద తీగ, పైన తాడు ఉంటే నెట్ పైకి లేవదు.

బిగింపు ఎంతంటే, నడుమ చేత్తో నొక్కితే నాలుగు వేళ్ల లోతు దిగాలి. అంతకన్నా గట్టిగా లాగితే కన్నాలు తెరుచుకుని 50 శాతం నెట్ 40 అవుతుంది, ఐలెట్లూ చిరుగుతాయి. వారం తర్వాత ఒకసారి మళ్లీ బిగించాలి, కొత్త నెట్ తప్పకుండా సాగుతుంది. పడమటి తెర మాత్రం కింద ఒక పీవీసీ పైపుకు చుట్టి, పైకి చుట్టేలా పెట్టుకోండి. సాయంత్రం మబ్బు పట్టిందంటే మొట్టమొదట చుట్టేయాల్సింది దాన్నే.

కోతులు తిరిగే ఊళ్లలో నెట్ ఈ బిగువు తగ్గకుండా చూసుకోవాలి. వదులుగా ఉన్నదాన్ని అవి ఊయల చేసుకుంటాయి. పైన తాడుకు బదులు కోళ్ల జాలి పరిచేవాళ్లూ ఉన్నారు, బరువు పెరుగుతుంది గానీ పనిచేస్తుంది.

నెట్ కింద మొక్క ఏం చెబుతోంది

కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకు పెద్దదై, పల్చబడి, లేత పచ్చగా మారితే నీడ ఎక్కువైంది. మిరప పూత పూస్తూనే రాలుస్తూ, పై చెప్పిన లక్షణాలూ ఉంటే కారణం వేడి కాదు, వెలుతురు చాలకపోవడం. కుండీని అంచుకు జరపండి, లేదా పొద్దున పది దాకా నెట్ ఒక పక్క మడిచిపెట్టండి. ఆకు మీద గోధుమ రంగు పొడి మచ్చలు, అవీ పడమటి వైపు ఆకుల మీదే ఉంటే తెర చాలడం లేదు.

నీళ్లు తగ్గించడం చాలామంది మరిచిపోతారు. నీడ పడ్డాక మట్టి నెమ్మదిగా ఆరుతుంది. ఎండలో రోజుకు రెండు పూటలు పోసే అలవాటును అలాగే సాగిస్తే పదిహేను రోజుల్లో వేరు కుళ్లు మొదలవుతుంది. వేలు రెండు కణుపుల లోతు దింపి, తడి తగలకపోతేనే పోయాలి. షేడ్ నెట్ పురుగును ఆపుతుందన్నదీ అపోహే. తెల్లదోమ, నల్లి దాని కన్నాల్లోంచి బారులు కట్టి దూరగలవు. తెల్లదోమ లాంటి పురుగు కోసమైతే అంగుళానికి 40 కన్నాలుండే 40 మెష్ ఇన్‌సెక్ట్ నెట్ వేరే ఉంది.

ప్లాస్టిక్ షీటు కప్పిన చిన్న పాలీహౌస్ ఇంట్లో ఉంటే షేడ్ నెట్‌ను లోపల కట్టకండి. ఎండ షీటు దాటి లోపలికి వచ్చాక దాన్ని ఆపితే ఆ వేడి లోపలే ఉండిపోతుంది. షీటుకు బయట, ఒక అడుగు ఎత్తున, తగలకుండా కట్టాలి. పై కిటికీ, పక్క తెరలు తెరవడం దాని కన్నా ముందు చేయాల్సిన పని. డల్లాస్, హ్యూస్టన్ వైపు పెరట్లో గ్రీన్‌హౌస్ పెట్టుకుని గోంగూర, దోస పెంచే తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ జూన్‌లోనూ సూర్యుడు పూర్తిగా నెత్తి మీదికి రాడు, కాస్త దక్షిణంగానే ఉంటాడు కాబట్టి దక్షిణపు అంచున నెట్‌ను రెండడుగులు అదనంగా దింపుకోవాలి.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

తెలంగాణ, రాయలసీమల్లో మార్చి మొదటి రెండు వారాల్లో, కోస్తాలో ఉగాది నాటికి వేస్తే సరిపోతుంది. మృగశిర కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక తీసేయాలి. వానాకాలపు మబ్బు వెలుతురుకు నెట్ కూడా తోడైతే మిరప, వంగ పూత ఆగిపోతుంది, ఆకు ఆరక బూజు పడుతుంది. నారు, ఆకుకూరలకు గట్టి వాన దెబ్బ తగలకుండా ఒక మూల ముక్క ఉంచుకోవచ్చు.

ఒక్కసారిగా తీయకండి. మూడు నెలలు నీడకు అలవాటు పడ్డ ఆకు మర్నాటి ఎండకే తెల్లబడి కాలుతుంది. మబ్బుగా ఉన్న వారం చూసుకుని, మొదటి రెండు రోజులు సాయంత్రాలు, తర్వాత పొద్దుటి పూటలు తెరిచి, వారానికి పూర్తిగా తీయండి.

తీసిన నెట్‌ను నేల మీద పరిచి పైపుతో రెండు పక్కలా కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి చుట్ట చుట్టండి. మడతలు పెడితే ఆ గీత వెంబడే మరుసటేడు చిరుగుతుంది. చిరుగులుంటే అప్పుడే, అదే దారపు ముక్క వేసి గాలం తీగతో కుట్టేయండి. ఎలుకలు చేరని చోట, మట్టిలో కాకుండా, అటక మీద గానీ మెట్ల కింద కొక్కేనికి గానీ వేలాడదీయాలి. చుట్ట మీద శాతం, కొన్న నెల, పొడుగు వెడల్పులు రాసిన చీటీ కట్టండి. మూడో ఏట నుంచి బయటికి తీసిన ప్రతిసారీ అంచు పోగు ఒకటి లాగి చూసి, పుటుక్కుమంటే ఆ నెట్‌ను నారు మడికి ముక్కలు చేసుకుని, స్తంభాల మీదికి కొత్తది తెచ్చుకోండి.